బీమా సెలవులో బండలాగుడు మైకు

బీమా డబ్బు తీసుకుంటూ చాటుగా పని చేసేవాళ్లు మామూలుగా ఎవరి కంటా పడకుండా చేస్తారు. ఏ షెడ్డు వెనకో కూర్చుని బోల్టులు బిగిస్తారు, లేదంటే బంధువుల అంగడిలో లోపలి గదిలో మూటలు కడతారు. నేను మాత్రం నాలుగు దిక్కులా హారన్లు కట్టిన మైకు పట్టుకుని చుట్టుపక్కల ఊర్లన్నిటికీ వినపడేటట్టు చేశాను. అంత తెలివైనవాణ్ణి.

ఇప్పుడు ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంట్లో ఉన్నాను. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, దెబ్బ తగిలితే ఏం చేయాలి, బీమా ఎట్లా వస్తుంది, మళ్లీ పనిలోకి పోతే ఏమవుతుంది అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే రాసిపెడితే మేలనిపించింది. ఇందులో నన్ను చూసి నవ్వుకోవలసిన చోట్లు చాలా ఉన్నాయి. మొహమాటపడకుండా నవ్వుకోండి.

నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ప్లాంటు ఫిట్టర్ని. ఇల్లు ప్రొద్దుటూరులో. కంపెనీ బస్సులో పోయి రావడం. నిండిన మూటలను లారీల దాకా మోసుకుపోయే బెల్టులు ఉంటాయి. ఆ బెల్టు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి నిచ్చెన ఎక్కి రోలరు మార్చడం నా పని. చేతిలో స్పానరు పట్టుకుని నిచ్చెన ఎక్కకూడదు, నడుముకు కట్టుకుని ఎక్కాలి అని కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. ఒకరోజు భోజనానికి ముందు తొందరలో స్పానరు చేతిలో పట్టుకుని ఎక్కిందీ నేనే, పడిందీ నేనే. తొడ ఎముక విరిగింది.

మా గ్యాంగుకు మేస్త్రీ ఒక పెద్దాయన ఉండేవాడు. సాయిబుల ఇంటి మనిషి. చిన్నా పెద్దా అందరం ఆయన్ను చాచా అనే పిలిచేవాళ్లం. అంబులెన్సులో నా తల ఆయన ఒళ్లోనే ఉంది. నేను నొప్పికి అరుస్తుంటే ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తూ, "స్పానరు వదిలిపెట్టప్పా, ఇంగ దాంతో పనేముంది" అన్నాడు. పడ్డప్పుడు కూడా దాన్ని వదల్లేదన్నమాట.

ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేసి కాల్లో రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది గానీ కాలు కొంచెం పొట్టిదైంది. ఇక నిచ్చెనలు ఎక్కే పని కుదరదని అందరికీ తెలిసిపోయింది. నాకు తప్ప. నేను దాని గురించి ఆలోచించడమే మానేశాను.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ కార్మిక బీమా నుంచి డబ్బు వచ్చేది. దానికొక పద్ధతి ఉంది. బీమా ఆసుపత్రి డాక్టరమ్మ వారానికోసారి చూసి, ఈ మనిషి ఇంకా పనికి పోలేడు అని సర్టిఫికెట్ ఇస్తేనే ఆ వారానికి డబ్బు. మొదటి నెలల్లో ఆమె అడగకుండానే ఇచ్చేది. నిజంగానే పోలేను కాబట్టి. తర్వాత తర్వాత, "ఇంకొంచెం నడువు, మెట్లు ఎక్కి చూపించు, ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పని ఏదైనా అడిగినావా?" అనడం మొదలుపెట్టింది.

అక్కడే నాకు భయం పట్టుకుంది. మా వీధి చివర టీ అంగడి ఒకటుంది. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లకు తెలియని చట్టం లేదు. వాళ్లు నాకు చెప్పింది ఇది: "ఒక్కదినం పనిలోకి పోయినావనుకో, ఇంగ బీమా ఖతం. రేపు మెడికల్ బోర్డోళ్లు నీ కాలు చూసి జీవితాంతం ఇచ్చేది కూడా ఎగిరిపోతాది. పనికి పోయేటోనికి పించనెందుకు అంటారు. ఫ్యాక్టరీవోళ్లేమో నిచ్చెనెక్కలేనోడు మాకెందుకు అంటారు. రెండూ పాయ. నువ్వు కుంటుకుంటా ఉండు మామా, అదే మంచిది."

నాకది గొప్ప జ్ఞానంలా తోచింది. కాబట్టి కుంటాను. నిజంగా ఎంత కుంటాలో అంతకు రెట్టింపు కుంటాను. బీమా ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగగానే నా కాలికి ఎక్కడలేని బరువొచ్చేది. కర్ర మీద వాలిపోయి, రెండు మెట్లకొకసారి ఆగి, "అమ్మా" అనేవాణ్ణి. ఆ నటన అలవాటై ఇంట్లో కూడా వదల్లేకపోయాను. మా వీధిలో కొళాయి మలుపు దగ్గర ఉంటుంది. మా ఆవిడ బిందెలు అక్కడి నుంచి మోసుకొచ్చేది. నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. ఒక బిందె మోయగలనని నా కాలికి తెలుసు. నాకూ తెలుసు. అయినా కూర్చున్నాను. ఈ కథలో నేను నవ్వలేని చోటు ఏదైనా ఉందంటే అదొక్కటే.

చాచా వారం వారం వచ్చేవాడు. ఒకసారి, "యార్డులోనో స్టోర్లోనో చిన్న పని అడుగుదాం రా, నేను మాట్లాడతా" అన్నాడు. నేను చిరాకుపడి, "నీకేం చాచా, నీ కాళ్లు రెండూ బాగుండాయి, ఎన్నైనా చెప్తావు" అన్నాను. ఆయన టీ తాగేసి లేచి పోయాడు. కొన్ని వారాలు రాలేదు.

ఇంతలో తిరుణాల వచ్చింది.

జమ్మలమడుగు దగ్గర ఒక ఊర్లో స్వామి తిరుణాలకు ఏటా బండలాగుడు పోటీలు పెడతారు. మా పక్క పిల్లలకు దీన్ని వివరించాల్సిన పనిలేదు. వేరే జిల్లాల వాళ్లకు చెప్పాలంటే, ఒక పెద్ద రాతిబండను కాడి ఎద్దులకు కట్టి, ఇచ్చిన సమయంలో ఎవరి ఎద్దులు ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. ఎద్దులు లాగుతుంటే వేదిక మీద ఒకడు మైకులో చెబుతుండాలి. ఆ చెప్పేవాడు చల్లగా చెబితే జనం చల్లబడతారు, ఎద్దులు కూడా నిలబడిపోతాయని మా నమ్మకం. దెబ్బ తగలకముందు సెలవుల్లో నేను ఆ పని చేసేవాణ్ణి. పేరు కూడా ఉండేది. నాకు జీవితంలో గర్వం ఉన్నది ఫిట్టింగు మీద కాదు, ఆ మైకు మీద.

ఆ ఆదివారం మా బామ్మర్ది మోటార్‌సైకిల్ మీద తీసుకుపోయాడు. "ఊరికే నీడలో కూర్చుని చూసొద్దాం బావా" అన్నాడు. మా ఆవిడకు కూడా అదే చెప్పాను. షామియానా కింద కుర్చీ వేయించుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను కూడా. కానీ మైకులో చెప్పాల్సిన మనిషి రాలేదు. ఆయన బండి మైలవరం దగ్గరెక్కడో ఆగిపోయిందట. ఊర్లో స్కూలు సార్ ఒకాయన మైకు పట్టుకుని, "ఇప్పుడు రెండవ జత వారు దయచేసి రావలసిందిగా కోరుచున్నాము" అంటున్నాడు. జనం ఆవలిస్తున్నారు.

కమిటీ పెద్ద నన్ను చూసి చేతులు జోడించాడు. "అప్పా, నువ్వీడుండావా! దేవుడు పంపినట్ల వచ్చినావు. రొంతసేపు పట్టుకో, ఆయన వచ్చేదాంక."

"కాలు బాగలేదప్పా."

"కాలుతో మాట్లాడతావా ఏంది? నోరు బాగుండాది కదా!"

రొంతసేపే కదా అని ఎక్కాను. పొద్దుగూకే దాకా దిగలేదు. ఆ రావలసిన మనిషి మధ్యాహ్నమే వచ్చాడు. వచ్చి నా మాటలు విని, కింద కూర్చుని జనంతో పాటు చప్పట్లు కొట్టాడు.

"వచ్చినాయప్పా వచ్చినాయి! పులివెందుల చీనీ తోటల్లో పెరిగిన కాడి! ఎడమెద్దు ఎర్రది, దాని కోపమూ ఎర్రదే! కుడెద్దు తెల్లది, గెలవకపోతే ఇంటికి రావద్దని వాళ్లింటామె పొద్దున్నే బెల్లం పెట్టి మరీ చెప్పి పంపిందంట! కదిలింది బండ! ఒరే పిల్లోళ్లారా, పక్కకు జరగండి, అది మిమ్మల్ని చూసి ఆగదు, వాళ్లింటామెను తలచుకుని పోతాంది!"

ఇట్లా పోయింది దినమంతా. కర్ర ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు ఎద్దులతో పాటు నడిచాను. చివర్న శాలువా కప్పి, టెంకాయ చేతిలో పెట్టారు. గెలిచిన పులివెందుల రైతు ఒక మూటెడు చీనీకాయలు, అదే బత్తాయిలు, బండికి కట్టించాడు. ఇంటికొచ్చి మళ్లీ కుంటాను. కాయలు ఎక్కడివంటే బంధువులు ఇచ్చారన్నాను.

మరుసటి రోజు సర్టిఫికెట్ రోజు. నా తెలివి చూడండి, ఆ చీనీకాయలే ఒక సంచిలో వేసుకుని, కర్ర మీద వాలుతూ, మెట్ల మీద "అమ్మా" అంటూ పోయి డాక్టరమ్మకు ఇచ్చాను. "తోట ఉందా మీకు?" అంది. "చుట్టాలది మేడం" అన్నాను. ఆమె అటెండరును పిలిచి అందరికీ రసం తీయమంది. నాకు ఇంకో వారం సర్టిఫికెట్ ఇచ్చింది.

నాకు తెలియనిది ఒకటే. ఇప్పుడు తిరుణాలల్లో ఫోన్లు ఉంటాయి. కమిటీ పిల్లలు దినమంతా వీడియో తీసి నెట్‌లో పెట్టారు. ఎద్దుల కోసమని తీశారు గానీ, వేదిక మీద నేను అడ్డంగా నడుస్తుంటే అందులో సగం నేనే ఉన్నాను.

ముందు చూసింది మా ఆవిడ. పక్కింటామె చూపించిందట. పొద్దున నేను అరుగు మీద కూర్చుని ఉంటే, ఖాళీ బిందె తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది. నేను కొంచెంసేపు బిందె వైపు చూశాను. తర్వాత దాన్ని తీసుకుని కొళాయికి పోయాను. కర్ర లేకుండానే. తిరిగొచ్చేసరికి గడపలో ఇంకో బిందె ఉంది. ఆ రోజు మా ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నిండాయి. వాడని గంగాళం కూడా బయటికొచ్చింది. చివరికి ఆమె, "ఎద్దులకంటే బాగా లాగుతాండావు" అంది. నెలల తరబడి చూడని నవ్వు ఆ ముఖంలో ఉంది. ఆ నవ్వు వెనక ఉన్న కోపం కూడా నాకు తెలుసు. రెండూ నాకు రావలసినవే.

సాయంత్రం చాచా వచ్చాడు. కువైట్ నుంచి కొడుకు పంపిన పెద్ద ఫోన్లో నా వీడియో పెట్టి, నవ్వలేక దగ్గుతున్నాడు. "అరే, ప్యాకింగ్ ప్లాంటంతా ఇదే చూస్తాండారు! ఆ బెల్లం మాట నువ్వే కల్పించినావా?" నేను ఆయన చేయి పట్టుకుని, ఆ రోజు అట్లా అని ఉండాల్సింది కాదన్నాను. "ఏమన్నావు? నాకు గ్యాపకం లేదప్పా" అన్నాడు. ఆయనకు బాగా జ్ఞాపకం ఉంది. తర్వాత ముఖం మారి, "కానీ నవ్వే సంగతి కాదు. ఎవరో బీమా ఆఫీసుకు కూడా పంపినారంట. మన ఫ్యాక్టరీ పర్సనల్ ఆఫీసరు కూడా అడుగుతాండాడు, సెలవులో ఉన్నోడు పని చేస్తాండాడా అని" అన్నాడు.

ఇక నిద్ర పట్టలేదు. తీసుకున్న డబ్బు వెనక్కి కట్టమనవచ్చు. బోర్డు ముందుకు పోకముందే అబద్ధాలకోరు అని ముద్ర పడవచ్చు. ఉద్యోగం కూడా పోవచ్చు. టీ అంగడి వాళ్లు చెప్పిన "రెండూ పాయ" నా విషయంలో నా చేతులతోనే నిజమయ్యేటట్టుంది. మా బామ్మర్ది పరిగెత్తుకుంటూ వచ్చి, "దేవుని సేవ అని చెప్పు బావా. మొక్కుబడి అని చెప్పు. పనని మాత్రం ఒప్పుకోవద్దు" అని నేర్పించిపోయాడు.

బీమా ఆఫీసు వాళ్లు ఆ వీడియోను డాక్టరమ్మకే పంపి అభిప్రాయం అడిగారు. ఆమె నన్ను పిలిపించింది. పోయేసరికి ఫోన్ బల్ల మీద నిలబెట్టి చూస్తోంది. అటెండరు, మందులిచ్చే ఆయన కూడా వెనక నిలబడి చూస్తున్నారు.

"ఇది నువ్వేనా?"

"నేనే మేడం."

"గొంతు బాగుంది" అంది. కొంచెం ఆగి, "కాలు ఇంకా బాగుంది" అంది.

నేను తల వంచుకున్నాను.

"దీనికి నీకు ఏమిచ్చినారు?"

"శాలువా మేడం. టెంకాయ. ఒక మూట చీనీకాయలు."

"ఆ కాయలు ఏం చేసినావు?"

అటెండరు పైన ఫ్యాను వైపు చూడసాగాడు. మందులాయన ఏదో పనున్నట్టు బయటికి పోయాడు. నేను నసుగుతుంటే ఆమెకే అర్థమైంది. బల్ల మీద గాజు గ్లాసు వైపు చూసింది. "అంటే సాక్ష్యం నేనే తాగేసినానన్నమాట" అంది. ముందు అటెండరు నవ్వాడు. తర్వాత ఆమె కూడా ఆపుకోలేకపోయింది. నేను నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను.

నవ్వు ఆగాక అడిగింది. "సరే, ఇప్పుడు నిజం చెప్పు. ఆదివారం నువ్వు చేసింది పనా, కాదా?"

బామ్మర్ది నేర్పించిన మాట నోటి దాకా వచ్చింది. దేవుని సేవ. మొక్కుబడి. చెప్పి ఉంటే బహుశా చెల్లేది కూడా. కానీ ఆ ఫోన్లో నేను కనపడుతున్నాను. ఎద్దుల పక్కన నడుస్తూ, చేతులూపుతూ, చెమటలు కారుస్తూ. ఆ మనిషిని చూస్తుంటే, వాణ్ణి కాదనడం నాకు చేతకాలేదు.

"పనే మేడం" అన్నాను. "దెబ్బ తగిలినప్పటి నుంచి నేను చేసిన పని అదొక్కటే."

"అట్లయితే ఆ రోజు పని చేసినానని రాసివ్వు. ఆ రోజుకు డబ్బు రాదు. మిగతాది వాళ్ల చేతిలో ఉంది, నేను చెప్పగలిగింది చెబుతాను." తర్వాత కుర్చీ చూపించి కూర్చోమంది. "కాలు బాగవుతుంటే నా దగ్గరెందుకు దాచినావు?"

టీ అంగడి కథంతా చెప్పాను. పనికి పోతే బోర్డు ఇచ్చేది కూడా పోతుందన్నది చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"విను. ఇప్పుడు వారం వారం వస్తున్నది నువ్వు పని చేయలేని రోజులకు. పనిలోకి పోతే అది ఆగిపోతుంది. ఆగిపోవాల. బోర్డు ఇచ్చేది వేరే. అది నీ కాలికి జరిగిన నష్టానికి. నువ్వు పనికి పోయినా, ఇంట్లో పడుకున్నా ఆ కాలు నీతోనే ఉంటుంది కదా? అదీ అట్లే ఉంటుంది. జీతమూ తీసుకోవచ్చు, అదీ తీసుకోవచ్చు."

"మరి టీ అంగడి కాడ..."

"టీ అంగడి వాళ్లను ఇంకా బోర్డులో వేయలేదు."

పిల్లలూ, మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇదొక్కటే. ఈ ఒక్క మాట అడిగి తెలుసుకోవడానికి నాకు నోరు రాలేదు. జమ్మలమడుగు జనానికంతా వినిపించిన నోరు అది.

ఆమె నాకు ఇంకో సర్టిఫికెట్ ఇచ్చింది. ఎక్కడం, బరువులెత్తడం కుదరదు; నిలబడి, కూర్చుని చేసే పనికి పోవచ్చు. బీమా వాళ్లు ఆదివారం డబ్బు పట్టుకుని, ఇంకోసారి ఇట్లా చేయవద్దని హెచ్చరించి వదిలేశారు.

అయితే కథ ఇంకా సగమే అయింది. ఆ కాగితం పట్టుకుని ఫ్యాక్టరీకి పోతే, పర్సనల్ ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన గోదావరి వైపు మనిషి. మంచివాడే, కానీ మా మాటలు వింటే ఎవరో ఆయన్ను తిడుతున్నట్టు ఉలిక్కిపడేవాడు.

"మీకివ్వడానికి నా దగ్గర పని లేదండీ. ఫిట్టరంటే ఎక్కాలి కదండీ. స్టోర్సులో ఖాళీ లేదు, గేటు దగ్గర ఖాళీ లేదు. ఏం చెయ్యమంటారు చెప్పండి?"

వారం డబ్బు ఆగిపోయింది. పని లేదు. బోర్డు ఎప్పుడు పిలుస్తుందో తెలియదు. అబద్ధం చెప్పినన్నాళ్లూ బాగుండి, నిజం చెప్పగానే ఇట్లా అయిందే అని రోజుల తరబడి మథనపడ్డాను. ఉదయం బిందెలు మోసి, ఆపైన ఏం చేయాలో తోచక కూర్చునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం, "నిజం చెప్పినావు, నాకది చాలు" అనేది. నాకు చాలలేదు.

చాచాకు అంతకంటే చాలలేదు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని, పిలవకుండానే పర్సనల్ ఆఫీసరు గదిలోకి పోయాడు.

"సార్, యార్డులో లారీలు కదలడం లేదు. మీకు తెలుసు, నాకు తెలుసు."

అది నిజం. సిమెంటు కోసం వచ్చిన లారీలు యార్డులో వరసగా నిలబడతాయి. వంతు రాగానే నంబరు పిలుస్తారు, డ్రైవరు లారీని కాటా మీదికి తెచ్చి తూకం వేయించుకుని లోడుకు పోవాలి. కానీ రాత్రంతా నడుపుకొచ్చిన డ్రైవర్లు లారీ కింద పడుకుని నిద్రపోతారు. పిలుపు వినరు. వెనకవాడు ముందుకు రాలేడు. లేచాక గొడవ. పిలవడానికి మేనేజ్‌మెంట్ ఎవరో అమ్మాయి గొంతుతో ఒక రికార్డు చేయించి పెట్టింది.

"రికార్డు ఉంది కదండీ" అన్నాడు ఆఫీసరు.

"ఆ అమ్మాయి గొంతు శానా చల్లగా ఉంటాది సార్. మేలుకున్నోడు కూడా అది వింటే పడుకుంటాడు." నన్ను భుజం పట్టి ముందుకు తోశాడు. "ఈన్ని ఆడ కూర్చోబెట్టండి."

"అలాంటి పోస్టు లేదండీ."

"పోస్టు మల్ల చూసుకోండి. ముందు లారీలు కదలాల. ఒక్కదినం చూడండి సార్. పనికిరాకపోతే నేనే ఇంటికి తీసకపోతా."

ఆఫీసరు నా వైపు చూశాడు. "ఒక్కరోజే. మర్యాదగా పిలవాలండోయ్. వాహనం నంబరు, దయచేసి, అంతే. వీడియోలో మాట్లాడినట్టు కాదు."

మరుసటి ఉదయం యార్డు చివర అద్దాల గదిలో మైకు ముందు కూర్చున్నాను. ఆ ఒక్కరోజు నాది. మర్యాదగా మొదలుపెట్టాను. నంబరు చెప్పి, "దయచేసి కాటా వద్దకు రాగలరు" అన్నాను. ఎవరూ రాలేదు. ఇంకోసారి చెప్పాను. రెండు లారీల అవతల ఒకడు పక్కకు తిరిగి పడుకున్నాడు. పొద్దు పైకెక్కింది. వరస కదల్లేదు. పైన ఆఫీసు కిటికీలో ఆఫీసరు కనపడుతున్నాడు, చేతులు కట్టుకుని. కింద ప్యాకింగ్ ప్లాంటు మెట్ల మీద చాచా కూడా కనపడుతున్నాడు. ఆయన ముఖం చూడలేక తల తిప్పుకున్నాను.

అప్పుడు పులివెందుల వైపు డ్రైవరొకడు టీ గ్లాసుతో అద్దం దగ్గరికొచ్చి తొంగి చూశాడు. "ఏం మామా, నువ్వేనా? తిరుణాల కాడ మాట్లాడిన మామవు కదా?"

"నేనే."

"జ్వరమొచ్చిందా ఏంది, అట్ల మాట్లాడతాండావు? మామూలుగా పిలువు మామా!"

నేను కిటికీ వైపు చూశాను. ఎట్లాగూ ఇంటికి పంపిస్తారు. పోయేటప్పుడు నా గొంతుతో పోతాను అనుకున్నాను. మైకు దగ్గరికి లాక్కున్నాను.

"ముద్దనూరు రోడ్డు దుమ్మంతా నెత్తిన మోసుకొచ్చిన నీలం లారీ! డ్రైవరన్నా, నీ కాళ్లు రెండూ లారీ కింద నుంచి బయటికి కనపడతాండాయి. నువ్వు లేవకపోతే ఆ కాళ్లకే టోకెన్ ఇచ్చి పంపిస్తాం! ఆ... కదిలింది ఒక కాలు! లేసినాడప్పా లేసినాడు! ఎడమ చెప్పు దొరికింది, కుడి చెప్పు దొరకలే! ఒంటి చెప్పుతోనే పోతాండాడు, మగోడు!"

యార్డులో ఎవడో ఈల వేశాడు. లారీల కింద నుంచి తలలు బయటికొచ్చాయి. తమ వంతుకు నేనేమంటానోనని తొంగిచూసేవాళ్లు కొందరు, అనిపించుకోకముందే లేచి కూర్చున్నవాళ్లు కొందరు. దువ్వూరు డ్రైవరు ఒకడు పిలవకముందే స్టార్ట్ చేసుకున్నాడు. "దువ్వూరాయన తొందర చూడండప్పా, ఇంట్లో అలసంద వడలు చల్లారిపోతాండాయంట!" అంటే, వాడు క్యాబిన్‌లో నుంచే చేతులు జోడించాడు. వరస కదిలింది. కాటా దగ్గర మనిషికి ఊపిరి తీసుకోవడానికి లేకుండా పోయింది.

మధ్యాహ్నం నా బల్ల మీద ఫోన్ మోగింది. పర్సనల్ ఆఫీసరు. ఇక అయిపోయిందనుకుని ఎత్తాను.

"ఏమండీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ఒంటి చెప్పు లాంటిది ఇంకొకటి అనండి. మా ఆవిడ ఫోన్లో వింటోంది" అన్నాడు.

భోజనానికి లేవలేదు. నా అన్నం డబ్బాను యార్డు వాళ్లే తెచ్చి ముందు పెడితే, ఒక ముద్దకూ ఇంకో ముద్దకూ మధ్య లారీని పిలుస్తూ తిన్నాను. సాయంత్రానికి యార్డులో చెట్ల నీడలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆఫీసరు కిందికి దిగొచ్చి, "పోస్టు పేరేం పెట్టాలో నాకు తెలియడం లేదండీ" అన్నాడు. చాచా పక్కనే ఉన్నాడు. "పేరు మల్ల పెట్టుకుందాం సార్, ముందు రేపు బస్సులో సీటు పెట్టండి" అన్నాడు. ఆఫీసరు తలూపాడు. తర్వాత బోర్డు పిలిచింది. డాక్టరమ్మ చెప్పినట్టే, కాలికి ఇవ్వాల్సింది కాలికి ఇచ్చారు, పనికి రావాల్సింది పనికి వచ్చింది. నేను దిగిపోయేదాకా ఆ అద్దాల గదిలోనే కూర్చున్నాను. కానీ ఆ సంగతులన్నీ తర్వాతివి.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోతే మా ఆవిడ గడపలోనే నిలబడి ఉంది.

"ఏమన్నారు?"

చెప్పడానికి నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఏంది? వద్దన్నారా?"

చేతులతో ఏదేదో చూపించాను. లారీ, మైకు, ఆఫీసరు. ఒక్కటీ అర్థం కాలేదు ఆమెకు. చివరికి సంచిలో నుంచి భోజనం డబ్బా తీసి, నేనే కడిగి, తుడిచి, ఉదయం ఆమె అన్నం పెట్టే చోట పొయ్యి పక్కన బోర్లించాను.

ఆమె డబ్బా వైపు చూసింది. నా వైపు చూసింది. "రేపటికా?" అంది.

తలూపాను.

కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత నా నోటి వైపు చూసి, అది ఇక ఈ పూటకు తెరుచుకోదని ఖాయం చేసుకుని, పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "ఇన్నేండ్లకు ఈ ఇంట్లో నా వంతు వచ్చింది. విను" అంది. నేను పడ్డ రోజు నుంచి మొదలుపెట్టింది. బిందెలు, కుంటడాలు, చుట్టాల చీనీకాయలు, ఏదీ వదల్లేదు. ఏడవాల్సిన చోట ఏడ్చింది, నన్ను అనుకరించి కుంటి చూపించి నవ్వించింది. నేను ఒక్కమాటా ఎదురు చెప్పలేదు. గొంతు ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.

అంతా అయ్యాక లేచి, "రేపటికి వంకాయా, ఉర్లగడ్డా?" అంది.

రెండు వేళ్లు చూపించాను.

"ఆశకేం తక్కువ లేదు" అంది. కూరగాయల బుట్టలో నుంచి రెండూ తీసింది.